గేర్లు నలభై ఐదు దాటినవాళ్ళకే!

సైకిలు తొక్కేవాళ్ళకీ, ప్రోగ్రాములు రాసుకుని బతికే మనలాంటివాళ్ళకీ ఒక విషయంలో దగ్గరి చుట్టరికం ఉంది. కొత్త వస్తువేదైనా వచ్చిందంటే చాలు, రెండు జట్లయిపోయి వాదులాడుకుంటారు. మనకి ఎడిటర్లూ, ఫ్రేంవర్కులూ. వాళ్ళకి డిస్కు బ్రేకులూ, టైర్ల వెడల్పులూ, బ్యాటరీతో పనిచేసే గేర్లూ. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సోలార్ పలకల కప్పుతో సైకిల్ ట్రాకు వేశాక మా ఆఫీసులో సైకిళ్ళు కొన్నవాళ్ళు పెరిగారు. వాళ్ళతోపాటు క్యాంటీన్లో ఈ వాదనలూ పెరిగాయి. "రిమ్ము బ్రేకుకి ఏమొచ్చిందిరా, నూరేళ్ళ నుంచి ఆగుతూనే ఉన్నాయిగా సైకిళ్ళు" అని ఒకడంటాడు. "నూరేళ్ళ నుంచి వానలో ఆగట్లేదు" అని ఇంకొకడు.

ఈ డిస్కు బ్రేకుల గొడవ చిన్నదేం కాదు. ప్రపంచ సైకిల్ పోటీల సంఘం (యూసీఐ అంటారు) 2015లో రోడ్డు రేసుల్లో వీటిని ప్రయోగాత్మకంగా అనుమతించింది. 2016 ఏప్రిల్‌లో పారిస్-రూబే రేసులో ఫ్రాన్ వెంతోసో అనే స్పెయిన్ రైడరు కాలు చీరుకుపోయింది. అది డిస్కు వల్లే తెగిందని ఆయన బహిరంగ లేఖ రాశాడు. తయారీదార్లు కాదన్నారు. యూసీఐ ప్రయోగం ఆపేసింది. తర్వాత మళ్ళీ మొదలుపెట్టింది, చివరికి 2018 జులై 1 నుంచి శాశ్వతంగా ఒప్పుకుంది. ఇప్పుడు పెద్ద రేసుల్లో రిమ్ము బ్రేకు సైకిలు కనబడితే అదే వింత. మన మోటార్‌సైకిళ్ళకి ఎప్పుడో వచ్చేసిన వస్తువు సైకిలుకి రావడానికి ఇంత రాద్ధాంతమా అనిపిస్తుంది కదా? కానీ సైకిలు చరిత్ర తిరగేస్తే ఇది చాలా తేలిగ్గా తేలిపోయిన తగాదా. కొన్ని ముప్ఫై అయిదేళ్ళు పట్టాయి. ఒకటైతే తొంభయ్యేళ్ళు దాటినా తేలలేదు.

మొదట్లోకి వెళ్దాం. 1870లలో సైకిలంటే ముందు మనిషంత చక్రం, వెనక పళ్ళెమంత చక్రం. పెడళ్ళు నేరుగా ముందు చక్రానికే. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు. కాబట్టి వేగం కావాలంటే చక్రం పెద్దది చెయ్యాలి, చక్రం ఎంత పెద్దదవాలన్నది తొక్కేవాడి కాళ్ళ పొడుగు మీద ఆధారపడేది. చిన్న రాయి తగిలినా తలకిందులుగా ముందుకి పడటం మామూలు. దీన్ని తొక్కగలగడం ఒక మగతనం, ఒక హోదా. 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సేఫ్టీ సైకిలు తెచ్చాడు. రెండు చక్రాలూ దాదాపు సమానం, పెడళ్ళు మధ్యలో, చైనుతో వెనక చక్రం తిరుగుతుంది. ఇవాళ మనూళ్ళో పాలాయన తొక్కే సైకిలుకీ దానికీ మూలం ఒకటే.

పెద్ద చక్రంవాళ్ళు దీన్ని ఏమన్నారంటే, ఇది పిరికివాళ్ళకీ ముసలివాళ్ళకీ అన్నారు. పేరులోనే 'సేఫ్టీ' ఉంటే ఇంకేం గౌరవం! అప్పటిదాకా సైకిలు అంటే సరిపోయిన దానికి 'ఆర్డినరీ' అని విశేషణం తగిలించాల్సి వచ్చింది (సెల్‌ఫోన్ వచ్చాక ఇంట్లో ఫోనుకి ల్యాండ్‌లైన్ అని పేరు పెట్టుకున్నట్టు). రోవరు వచ్చిన కొన్నేళ్ళకే ఆ ఆర్డినరీ మ్యూజియం వస్తువైపోయింది.

గాలి టైరుదీ అదే కథ, కాకపోతే ఇంకాస్త సరదాగా ఉంటుంది. బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడుచక్రాల బండికోసం గాలి నింపిన రబ్బరు గొట్టం చేసి, 1888లో పేటెంటు తీసుకున్నాడు. (అసలు ఆ ఆలోచనకి 1845లోనే రాబర్ట్ విలియం థాంసన్ పేటెంటు తీసుకున్నాడని తర్వాత బయటపడి, డన్‌లప్ పేటెంటు చెల్లకుండా పోయింది. పాపం, ప్రయర్ ఆర్ట్ వెతకలేదన్నమాట.) 1889 మేలో బెల్‌ఫాస్ట్ పోటీలకి విలీ హ్యూం అనే రైడరు ఆ లావు టైర్లతో వచ్చాడు. సన్నటి గట్టి రబ్బరు చక్రాలకి అలవాటు పడ్డ జనం చూసి నవ్వారు. ఆ రోజు ఆయన దిగిన పోటీలన్నీ గెలిచాడు. ఓడినవాళ్ళలో డు క్రో అన్నదమ్ములున్నారు. వాళ్ళ నాన్న హార్వీ డు క్రో ఆ టైరు తయారుచెయ్యడానికి కంపెనీయే పెట్టించాడు. అందరూ ఇలా ఉంటే ఎంత బాగుండేది! కొడుకుల్ని ఓడించిన వస్తువు మీద ఏడవకుండా డబ్బు పెట్టాడు.

ఇక్కడి నుంచి అసలు కథ. గేర్లు.

ఫ్రాన్సులో సాంతెత్యెన్ అనే పారిశ్రామిక పట్టణం ఉంది. చుట్టూ కొండలు. అక్కడ పోల్ ద వివీ అని 1853లో పుట్టిన ఒక పట్టు వ్యాపారి, వ్యాపారం పక్కన పెట్టేసి సైకిళ్ళలో పడ్డాడు. 1887లో పత్రిక పెట్టి 'వెలోసియో' అన్న కలం పేరుతో రాసేవాడు. ఆయన రేసర్ కాదు. పొద్దున్నే ఊరి పక్క కొండెక్కి రావడం, సెలవుల్లో వందల కిలోమీటర్లు తిరగడం ఆయన పని. కొండ ఎక్కేవాడికి ఒకే గేరుతో ఎంత నరకమో ఆయనకి బాగా తెలుసు. మన లెక్కలో చెప్పాలంటే, మనిషి కాలు ఒక మోటారు. అది ఒక పరిధిలో తిరిగినప్పుడే బాగా పనిచేస్తుంది. ఎక్కుడులో నిమిషానికి ముప్ఫై చుట్లకి పడిపోతే మోకాళ్ళు అరుగుతాయి. దిగుడులో పెడళ్ళు పిచ్చిపట్టినట్టు తిరుగుతాయి. రోడ్డు వాలు మారుతున్నప్పుడు గేరు మారకపోతే, మారాల్సింది మనిషే. వెలోసియో జీవితమంతా ఈ ఒక్క ముక్క పట్టుకుని రకరకాల ఏర్పాట్లు చేయించుకున్నాడు. రెండు చైన్లు, ఎన్నో పళ్ళచక్రాలు, చివరికి చైనుని ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదికి తోసే డిరైలర్లు.

1902లో ఫ్రాన్సు సైకిలు యాత్రికుల క్లబ్బు పిరనీస్ పర్వతాల్లో తూర్మాలే కనుమ మీద ఒక పరీక్ష పెట్టింది. 2100 మీటర్ల పైన ఉంటుందది. మూడు గేర్ల సైకిలు మీద మార్త ఎస్ అనే ఆవిడ కాలు కింద పెట్టకుండా ఎక్కేసిందనీ, ఒకే గేరున్న ఛాంపియన్ మగాడు ఆవిడ ముందు తేలిపోయాడనీ కథ ప్రచారంలో ఉంది. దీనికి ఆంరి దెగ్రాంజ్ అనే సంపాదకుడు పత్రికలో ఇచ్చిన సమాధానం సైకిళ్ళ లోకంలో అందరికీ నోటికొచ్చు. దాని సారాంశం: పరీక్ష బాగుంది, కానీ గేర్లు నలభై ఐదు దాటినవాళ్ళకి పనికొస్తాయి. యంత్రం మాయతో కాకుండా కండబలంతో గెలవడం గొప్ప కాదా? మెత్తబడిపోతున్నాం, నాకు మాత్రం ఒకే గేరు చాలు!

ఈ దెగ్రాంజ్ ఎవరో దారినపోయే దానయ్య అయితే నవ్వుకుని వదిలేసేవాళ్ళం. 1893లో ఒక గంటలో 35.325 కిలోమీటర్లు తొక్కి, గుర్తింపు పొందిన తొలి గంట రికార్డు సాధించినవాడు ఆయన. 1903లో తూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టిందీ ఆయన పత్రికే. అంటే ప్రపంచంలో అతి పెద్ద సైకిలు రేసుకి రూల్సు రాసే కలం ఆయన చేతిలో ఉంది. తూర్ మొదలైంది మొదలు 1936 దాకా ప్రధాన పోటీదార్లకి డిరైలర్ గేర్లు దాదాపు లేనట్టే.

మరి కొండలెలా ఎక్కేవాళ్ళంటారా? వెనక చక్రానికి రెండు పక్కలా వేరువేరు పళ్ళచక్రాలు ఉండేవి. కొండ కింద ఆగి, దిగి, రెక్కల నట్లు విప్పి, చక్రం తీసి, తిప్పి పెట్టి, మళ్ళీ బిగించి ఎక్కాలి. పైకెళ్ళాక దిగుడుకోసం మళ్ళీ అదే తంతు. 1910లో తూర్ మొదటిసారి అదే తూర్మాలే మీదుగా వెళ్ళింది. ఎనిమిదేళ్ళ కిందట గేర్ల పరీక్ష జరిగిన కొండే! ఆ ఏడాది విజేత ఒక్తావ్ లపీజ్ ఆ కొండ మీద కొంత తొక్కుతూ కొంత నడుస్తూ వెళ్ళాడు. కిందకి దిగకుండా ఎక్కినందుకు గుస్తావ్ గారిగూకి వంద ఫ్రాంకుల బహుమతి ఇచ్చారంటారు. సమస్యకి జవాబు ఉంది, జవాబు వాడటం నిషేధం, జవాబు లేకుండా ఈదినవాడికి బహుమతి. ఇలాంటి ప్రాజెక్టులు మనలో కొందరు చూసే ఉంటారు.

అయితే దెగ్రాంజ్‌ని ఉత్త ఛాందసుడని తేల్చేస్తే నాకు అన్యాయమనిపిస్తుంది. ఆయన భయం వేరే. సైకిల్ కంపెనీలు డబ్బుతో జట్లని కొనేసి రేసుని తమ ప్రకటనగా మార్చేస్తాయని ఆయనకి ఎప్పుడూ అనుమానమే. 1930లో ఆ కంపెనీ జట్లని తీసేసి దేశాల జట్లు పెట్టాడు. అందరికీ కంపెనీ పేరు లేని ఒకే రకం పసుపు సైకిళ్ళు తనే ఇచ్చాడు. మనిషికీ మనిషికీ పోటీ కావాలి, యంత్రానికీ యంత్రానికీ కాదు అన్నది ఆయన పట్టు. అది తప్పు కోరిక కాదు. కానీ అందరికీ ఒకే డిరైలర్ ఇచ్చినా పోటీ సమానమే కదా? ఈ ప్రశ్నకి ఆయన దగ్గర జవాబు ఉన్నట్టు కనబడదు. బాధపడితేనే గొప్ప అన్న నమ్మకం ఒకటి అడుగున ఉంది, సమానత్వం దానికి కప్పిన దుప్పటి అని నా అభిప్రాయం.

1936లో ఆరోగ్యం దెబ్బతిని దెగ్రాంజ్ పక్కకి తప్పుకున్నాడు. జాక్ గొద్దే పగ్గాలు తీసుకున్నాడు. 1937లో డిరైలర్లకి అనుమతి వచ్చింది. ఆ ఏడు రొజే లాపెబీ డిరైలర్‌తో గెలిచాడు. వెలోసియో ఇది చూడలేదు. 1930లోనే ట్రాము గుద్ది పోయాడు. కానీ గమనించారా, ఈ ముప్ఫై అయిదేళ్ళూ డిరైలర్ చావలేదు. రేసులో చోటు లేకపోయినా ఆదివారం కొండలెక్కే మామూలు యాత్రికులు దాన్ని కొన్నారు, వాడారు, విరగ్గొట్టారు, బాగు చేయించారు. నలభై ఐదు దాటినవాళ్ళే దాన్ని బతికించారు అనుకోవచ్చు :-)

లాపెబీ సైకిలుకి ఉన్న డిరైలర్ పేరు సూపర్ ఛాంపియన్. దాన్ని తయారుచేసింది ఆస్కార్ ఎగ్ అనే స్విట్జర్లాండు మాజీ రైడరు. ఈ ఎగ్ 1914లో గంటకి 44.247 కిలోమీటర్ల రికార్డు పెట్టాడు. పందొమ్మిదేళ్ళు దాన్ని ఎవరూ కదపలేకపోయారు. కదిపినవాడి కథే నాకు ఈ మొత్తం చరిత్రలో మనసుకి కష్టం కలిగించేది.

షార్ల్ మోషే అనే ఫ్రెంచాయన చిన్నచిన్న పెడల్ కార్లు తయారుచేసేవాడు. వాటి నుంచి ఆయనకి రెండు చక్రాల 'వెలోకార్' ఆలోచన వచ్చింది. వీపు వెనక్కి ఆనించి కూర్చుని, కాళ్ళు ముందుకి చాపి తొక్కే సైకిలు. ఇప్పుడు దీన్ని రికంబెంట్ అంటున్నారు. ఇందులో మాయేమీ లేదు. వేగం పెరిగేకొద్దీ సైకిలిస్టు శక్తిలో ఎక్కువ భాగం గాలిని తోయడానికే పోతుంది. గాలిని తోయడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే ఎనిమిది రెట్లు. వాలి కూర్చుంటే గాలికి ఎదురయ్యే ఒంటి వైశాల్యం తగ్గుతుంది. అంతే. 1933 జులై 7న పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్ దీని మీద గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కాడు. ఫోర్ ఏమీ మొదటి వరస రైడరు కాదు. అదే అందరికీ మండింది. రెండో వరసవాడు మహామహుల రికార్డు కొట్టాడంటే కొట్టింది వాడా, బండా?

మరుసటి నెల, ఆగస్టులో మామూలు సైకిలు మీద యాన్ వాన్ హూట్, ఆ వెంటనే మొరీస్ రిషార్ ఎగ్ రికార్డు దాటారు, కానీ ఫోర్ అంత దూరం పోలేదు. ఇప్పుడు ఎవరి పేరు రాయాలి? 1934లో యూసీఐ కూర్చుని తేల్చింది. తేల్చిన పద్ధతి చూడండి. వెలోకార్ ప్రమాదకరం అనలేదు, రికార్డు దొంగదనీ అనలేదు. సైకిలు అంటే ఏమిటో నిర్వచనం రాసింది. పెడళ్ళ ఇరుసు నేల నుంచి ఎంత ఎత్తులో ఉండాలి, సీటుకి ఎంత ముందు ఉండొచ్చు, వగైరా కొలతలు. ఆ కొలతల్లో వెలోకార్ ఇమడదు. కాబట్టి అది సైకిలు కాదు. సైకిలే కాకపోతే సైకిలు రికార్డు ఎలా అవుతుంది?

టెస్టు ఫెయిలైతే కోడు మార్చాలి గానీ స్పెసిఫికేషన్ మార్చేస్తే ఎలా అని మనం జోకులేసుకుంటాం. ఇక్కడ టెస్టు పాసైనందుకు స్పెసిఫికేషన్ మార్చారు.

మోషే అదే 1934లో చనిపోయాడు. ఆయన కొడుకు జార్జ్ పని కొనసాగించాడు. 1939లో వెలోకార్‌కి గాలి చీల్చే తొడుగు వేసి ఫోర్ గంటకి యాభై కిలోమీటర్లు దాటించాడు. మామూలు సైకిలు మీద ఆ గీత దాటడానికి 1984లో ఫ్రాన్చెస్కో మోజర్ దాకా ఆగాల్సి వచ్చింది, అదీ మెక్సికోలో పలచటి గాలిలో, పుల్లలు లేని పళ్ళెం చక్రాలతో.

రికంబెంట్ అన్నిటికీ గొప్పదని నేననను. ఎక్కుడులో లేచి నిలబడి తొక్కలేం. లారీ డ్రైవరు కంటికి ఆనం. మెహదీపట్నం ట్రాఫిక్‌లో దాని మీద వెళ్ళమంటే నేను ఒప్పుకోను. కానీ ఆ బలహీనతల మీద ఎవరైనా పనిచెయ్యాలంటే దానికో మార్కెట్టు ఉండాలి. రేసుల్లో గెలిచిందే కంపెనీ తయారుచేస్తుంది, కంపెనీ చేసిందే షాపులో వేలాడుతుంది, షాపులో వేలాడిందే జనం కొంటారు. మొదటి మెట్టు తీసేశారు. డిరైలర్‌ని కాపాడిన యాత్రికుల్లాంటివాళ్ళు దీనికి సరిపడా దొరకలేదు. నడుం నొప్పి ఉన్నవాడు, మణికట్టు వాచినవాడు, సీటు మీద అరగంట కూర్చోలేనివాడు వేరే ఆకారం సైకిలు ఉంటుందనే తెలియకుండా సైకిలు మానేస్తాడు. పారిస్‌లో రికార్డుల తగాదా తీర్చిన కాగితం ఆ మనిషి గురించి ఆలోచించలేదు. ఇక రికంబెంట్‌వాళ్ళు వేరే సంఘం పెట్టుకుని వేరే రికార్డులు పెట్టుకున్నారు. 2016లో అమెరికాలోని నెవాడా ఎడారిలో కెనడా ఇంజనీరు టాడ్ రైకర్ట్ మూసిన తొడుగులో కాళ్ళతో తొక్కి గంటకి 144 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. సైకిలు కాని సైకిలు మీద.

యూసీఐకి ఆ నిర్వచనాల అలవాటు పోలేదు. 1993లో స్కాట్లండువాడు గ్రేం ఓబ్రీ సొంతంగా చేసుకున్న సైకిలుతో (అందులో వాషింగ్ మెషీను బేరింగులు వేశాడు) చేతులు ఛాతీ కింద ముడుచుకునే భంగిమలో 51.596 కిలోమీటర్లు తొక్కి మోజర్‌ని దాటాడు. 1994లో ఆ భంగిమ నిషేధం. చేతులు ముందుకి చాపే ఇంకో భంగిమ కనిపెట్టాడు. అదీ నిషేధం, కాకపోతే ఈలోగా దాంతో 1996లో క్రిస్ బోర్డ్‌మన్ 56.375 చేసేశాడు. 2000లో యూసీఐ ఏకంగా గడియారం వెనక్కి తిప్పింది. 1972లో ఎడ్డీ మెర్క్స్ తొక్కిన రకం సైకిలు మీద చేస్తేనే రికార్డు అంది. అదే బోర్డ్‌మన్ ఆ పాత రకం సైకిలెక్కి మెర్క్స్ కన్నా పది మీటర్లు, అక్షరాలా పది మీటర్లు, ఎక్కువ తొక్కాడు. తర్వాత 2014 దాకా మగవాళ్ళలో ఆ రికార్డు ఇంకొక్కసారే మారింది. ఎవరికీ ఆసక్తి లేకుండా పోయింది. 2014లో రూల్సు సడలిస్తే మళ్ళీ జనం ఎగబడ్డారు. 2022లో ఇటలీ రైడరు ఫిలిప్పో గన్నా 56.792 చేశాడు.

అలాగని కొత్తదాన్ని తిట్టినవాళ్ళందరూ దెగ్రాంజ్ మనవలేం కాదు. 2000 తర్వాత పెడళ్ళ ఇరుసు బేరింగుల్ని మరలతో బిగించే పద్ధతి మానేసి ఫ్రేములోకి నొక్కి దిగ్గొట్టే పద్ధతి వచ్చింది. తేలిక, గట్టి, ఫ్యాక్టరీలో బిగించడం సులువు అన్నారు. ఫ్రేము రంధ్రం కొలత వెంట్రుకవాసి తేడా వస్తే చాలు, కొన్నాళ్ళకే తొక్కినప్పుడల్లా కిర్రుకిర్రు. దీనికి తోడు ఒక్కో కంపెనీది ఒక్కో సైజు స్టాండర్డు, ఒకదానికి ఒకటి పట్టదు. మెకానిక్కులూ మామూలు రైడర్లూ ఏళ్ళ తరబడి గోల పెడితే, చివరికి చాలా కంపెనీలు మరల దగ్గరికే తిరిగొచ్చాయి. ఇక్కడ ఎవరూ 'ఇది సైకిలే కాదు' అనలేదు. 'ఇది నా సైకిల్లో చప్పుడు చేస్తోంది' అన్నారు. నాకు రెండో రకం ఫిర్యాదు మీద గౌరవం. వెంతోసో లేఖ కూడా రెండో రకానిదే అని నా లెక్క. ఆయన కాలు తెగింది, అడిగాడు. దాని మీద పరీక్షలు చేశారు, అంచులు గుండ్రం చేశారు, ముందుకెళ్ళారు.

ఇంతకీ గేర్ల కథ 1937తో ముగిసిందనుకుంటున్నారేమో. 2025లో రేసుల వేగం మరీ పెరిగిపోతోందనీ, ప్రమాదాలు తగ్గించాలనీ యూసీఐ అతి పెద్ద గేరుకి హద్దు పెట్టాలనుకుంది. ముందు 54 పళ్ళు, వెనక 11 పళ్ళు, అంటే ఒక్క పెడల్ చుట్టుకి దాదాపు 10.46 మీటర్లు. అక్టోబరులో చైనాలో జరిగే ఒక రేసులో దాన్ని పరీక్షిద్దామనుకుంది. శ్రామ్ అనే అమెరికా గేర్ల కంపెనీ వెనక 10 పళ్ళ చక్రంతో అమ్ముతుంది. ఈ రూలు దెబ్బ తమ ఒక్కరి మీదే పడుతుందని వాళ్ళు బెల్జియం పోటీ నియంత్రణ సంస్థకి ఫిర్యాదు చేశారు. ఆ సంస్థ పరీక్షని నిలిపేయమంది. రేసు పాత గేర్లతోనే జరిగింది. వేగానికి కారణం ఆ ఒక్క పన్నేనా, లేక టైర్లూ, బట్టలూ, రోడ్లూ, తిండీనా అని రైడర్లలోనే ఏకాభిప్రాయం లేదు. మా క్యాంటీన్లోనూ లేదు.